నీటిలోని ఫ్లోరైడును వెలుగుతో కొలుతమా, విద్యుత్తుతో కొలుతమా?

ఖమ్మము జిల్లాలోని తిరుమలాయపాలెము ప్రాంతము గ్రానైటు, నైసు శిలలపై నున్న మెట్ట నేల. అక్కడినుండి తూర్పుగా పోయినచో ఇల్లెందు, కొత్తగూడెముల బొగ్గు పొరలును, వాని ఆవల భద్రాచలపు అడవులును, గోదావరియు వచ్చును. నేల మారినకొలది నేలలోని నీరును మారును. గ్రానైటు శిలలలో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము మొదలైన ఖనిజములుండును. వీనిలో ఫ్లోరిను కలదు. వర్షపు నీరు రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచినపుడు ఈ ఫ్లోరిను కొద్దికొద్దిగా కరిగి, ఫ్లోరైడు అయానుగా నీటిలో చేరును. బావి ఎంత లోతైన, నీరు రాతితో ఎంత ఎక్కువ కాలము కలిసియున్న, ఫ్లోరైడు చేరుటకు అంత అవకాశము.

ఇట్టి నేలలో ఒక ఊరి బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్నదని అనుకొందము. ఊరివారు ఆ నీటిని పటికతో శుద్ధిచేసి త్రాగుచున్నారు. శుద్ధియైన నీటిని బడి ఉపాధ్యాయుడొకరు రెండు సీసాలలో నింపి రెండు ప్రయోగశాలలకు పంపిరి. ఒక చోటినుండి లీటరుకు 1.2 మిల్లీగ్రాములనియు, రెండవ చోటినుండి 1.7 మిల్లీగ్రాములనియు సమాధానము వచ్చినది. మన దేశపు త్రాగునీటి ప్రమాణము ప్రకారము ఫ్లోరైడు లీటరుకు 1.0 మి.గ్రా. మించకుండుట మంచిది, వేరు నీటివనరు లేనపుడు 1.5 వరకు అనుమతింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దును 1.5 మి.గ్రా. మాత్రమే. అనగా ఒక కాగితము "త్రాగవచ్చు" ననుచున్నది, రెండవది "వలదు" అనుచున్నది. ఇద్దరు విశ్లేషకులును పని తెలిసినవారే. ఇద్దరును శ్రద్ధగానే కొలిచిరి. ఒకరు వెలుగుతో కొలిచిరి, ఒకరు విద్యుత్తుతో కొలిచిరి. భేదము ఎక్కడ పుట్టినది? ఏ కాగితమును నమ్మవలెను?

ఇది ఊహించిన ఉదాహరణమే యైనను, ఈ ప్రశ్న మాత్రము ఊహ కాదు. దక్షిణ భారతములో ఫ్లోరోసిస్ వ్యాధి ఊళ్ళకు ఊళ్ళలో నెలకొనియున్నదని 1937లో నెల్లూరు జిల్లాను పరిశీలించి షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయినది. పళ్ళు ఎదుగు వయస్సులో అధిక ఫ్లోరైడు త్రాగిన పిల్లలకు పళ్ళపై సుద్దవంటి మచ్చలు, పిదప గోధుమరంగు చారలు ఏర్పడును. అంతకంటె మిక్కిలి ఎక్కువగా నున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్ళు బిగియును, ఎముకలు వంగును. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టు మందు లేదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది దాని గాఢత ఇంకను పెరుగును. రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదులో రుచియు లేదు. కనుక కొలిచి తెలిసికొనుటకంటె వేరు మార్గము లేదు.

రెండు త్రోవలు

పదార్థమును పరీక్షించు సాధనములలో రెండు పెద్ద కుటుంబములు కలవు. మొదటిది వర్ణపట పద్ధతుల కుటుంబము. పరమాణువులు గాని, అణువులు గాని ఏ తరంగదైర్ఘ్యపు వెలుగును గ్రహించును, దేనిని వెలువరించును అని ఇవి చూచును. హైడెల్బర్గులో కిర్కాఫ్, బున్‌సెన్ 1859-60లో ఈ త్రోవ వేసిరి. డుర్క్‌హైము ఊటనీటిని మంటలో నుంచి, వర్ణపటములో అంతవరకు ఎవ్వరును చూడని నీలి గీతలను చూచి, 1860లో సీసియమ్ మూలకమును కనుగొనిరి. నీటి పరీక్షయే ఒక మూలకమును బయటపెట్టినదన్న మాట!

రెండవది విద్యుద్రసాయన పద్ధతుల కుటుంబము. ద్రావణములో ఎలక్ట్రోడులను ముంచి, వాని మధ్య పుట్టు వోల్టేజిని గాని, ప్రవహించు విద్యుత్తును గాని ఇవి కొలుచును. పి.హెచ్. మీటరు ఈ కుటుంబములోనిదే. ప్రాగ్ నగరములో హెయిరోవ్‌స్కీ 1922లో కనుగొనిన పోలరోగ్రఫీయు ఇందులోనిదే. దానికి 1959లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ రెండు త్రోవలును తెలుగునాట ఒకే విశ్వవిద్యాలయములో ప్రక్కప్రక్కన సాగినవి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య కె. రంగధామరావు వర్ణపట పరిశోధనకు పునాది వేసిరి; ఆచార్య సూరి భగవంతము రామన్ ఫలితముపై కృషి చేసిరి. అక్కడనే రసాయన శాఖలో ఆచార్య జి. గోపాలరావు, వారి శిష్యులు విద్యుచ్ఛక్మము కొలుచుచు చేయు అంశమాపనములను పెంపొందించిరి. వెలుగు గొప్పదా, విద్యుత్తు గొప్పదా అని అడుగుటలో అర్థము లేదు. ఏ పదార్థమును, ఏ నీటిలో, ఏ నిర్ణయము కొరకు కొలుచుచున్నామన్నదే ప్రశ్న.

వెలుగుతో కొలుచు విధము

సోడియమ్ లవణమును మంటలో చల్లినచో 589 నానోమీటర్ల పసుపు వెలుగు వచ్చును. ఆ వెలుగు తీవ్రతను కొలిచి సోడియమెంతో చెప్పవచ్చును. ఫ్లోరైడునుగూడ అట్లే ఏల కొలువరాదు? ఫ్లోరిను పరమాణువు యొక్క ముఖ్యమైన గీతలు 100 నానోమీటర్లకంటె తక్కువ తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత భాగములో నుండును. ఆ వెలుగును గాలియే మ్రింగివేయును. ఇక నీటిలో కరిగిన ఫ్లోరైడు అయాను కంటికి కనుపించు వెలుగును గ్రహింపదు. కావున దానిని సూటిగా చూచుటకు వీలులేదు; మరియొకదాని మూలముగా చూడవలెను.

ఇందుకు స్పాడ్న్స్ అను రంగును వాడుదురు. ఆమ్ల ద్రావణములో ఇది జిర్కోనియముతో కూడి ఎర్రని సంశ్లిష్టముగా నుండును. ఫ్లోరైడునకు జిర్కోనియమనిన మిక్కిలి ప్రీతి. అది జిర్కోనియమును రంగునుండి లాగికొని, రంగులేని వేరు సంశ్లిష్టమును ఏర్పరచును. ఫ్లోరైడు ఎంత ఎక్కువైన, ఎరుపు అంత తగ్గును. 570 నానోమీటర్ల వెలుగును పంపి ఎంత శోషణము జరిగినదో స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుచుదురు.

ఒక లెక్క చూడుడు. ఫ్లోరైడు లేని నీటి శోషణాంకము 0.80 అనియు, లీటరుకు 1.0 మి.గ్రా. ఉన్న ప్రమాణ ద్రావణమునకు 0.50 అనియు అనుకొందము. అనగా ఒక మి.గ్రా.కు 0.30 తగ్గినది. ఈ పద్ధతి సుమారు 1.4 మి.గ్రా. వరకే సరిగా పనిచేయును గనుక, మన నీటికి సమానముగా స్వేదనజలము కలిపి పలుచన చేయుదము. దాని అంకము 0.54 వచ్చినచో, తగ్గుదల 0.26, దానిని 0.30తో భాగించిన 0.867, రెండింతలు చేసిన 1.73 మి.గ్రా. పరికరము చదువుటలో 0.01 తప్పు జరిగినచో తుది సమాధానములో సుమారు 0.07 మి.గ్రా. తేడా వచ్చును.

విద్యుత్తుతో కొలుచు విధము

ఫ్రాంట్, రాస్ అను వారు 1966లో ఫ్లోరైడు ఎలక్ట్రోడును ప్రకటించిరి. ఒక గొట్టము చివర లాంథనమ్ ఫ్లోరైడు స్ఫటికపు బిళ్ళ యుండును. అందులో కొద్దిగా యూరోపియమ్ చేర్చుటచే స్ఫటికములో ఖాళీ స్థానము లేర్పడి, ఫ్లోరైడు అయానులు ఒక ఖాళీనుండి మరియొక ఖాళీకి దుముకుచు విద్యుత్తును మోయును. ఇతర అయానులు ఆ ఖాళీలలో సులభముగా ఇమడవు. గొట్టములోపల ఫ్లోరైడు గాఢత స్థిరము. వెలుపల మన నీరు. రెండు ప్రక్కల తేడానుబట్టి బిళ్ళకు ఇరువైపుల వోల్టేజి ఏర్పడును. దానిని స్థిరముగానుండు నిర్దేశ ఎలక్ట్రోడుతో పోల్చి కొలుచుదురు.

నెర్న్‌స్ట్ సూత్రము ప్రకారము 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఫ్లోరైడు పదింతలైనపుడు వోల్టేజి సుమారు 59 మిల్లీవోల్టులు పడిపోవును. 1 మి.గ్రా. ద్రావణములో 100 మిల్లీవోల్టులు, 10 మి.గ్రా. ద్రావణములో 41 మిల్లీవోల్టులు వచ్చినవనుకొందము. మన నీటిలో 86 వచ్చినచో, తేడా 14. దానిని 59తో భాగించిన 0.237, దీని ప్రతిసంవర్గమానము 1.73. ఇచ్చటను 1.73 మి.గ్రా. ఒక మిల్లీవోల్టు తప్పు చదివినచో సమాధానము నూటికి 4 వంతులు మారును. అనగా సుమారు 0.07 మి.గ్రా.

పాఠకులు గమనింపవలసిన విషయమిది: శుభ్రమైన నీటిలో, ఈ గాఢత వద్ద, రెండు పద్ధతుల సున్నితమును ఇంచుమించు సమానమే. 0.07 తేడా వలన 1.2, 1.7 అను రెండు సమాధానములు రావు. కాబట్టి పరికరపు సూక్ష్మతనుబట్టి ఎన్నుకొనుట చాలదు. నీటిలో ఫ్లోరైడుతోబాటు ఇంకేమున్నవో చూడవలెను.

పటిక తెచ్చిన చిక్కు

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశాబ్దిలో రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో బోరునీటికి పటికను, సున్నమును చేర్చి కలియబెట్టుదురు. అల్యూమినియమ్ హైడ్రాక్సైడు తునకలుగా ఏర్పడి ఫ్లోరైడును పట్టుకొని అడుగున దిగును. పై నీటిని వడగట్టి వాడుదురు. ఖర్చు తక్కువ, పని సులభము. కాని పాళ్ళు తప్పినచో కొంత అల్యూమినియమ్ నీటిలో కరిగియుండిపోవును.

ఈ అల్యూమినియమునకును ఫ్లోరైడనిన ఇష్టమే. స్పాడ్న్స్ పరీక్షలో జిర్కోనియము లాగికొనవలసిన ఫ్లోరైడును అల్యూమినియము తనవద్ద అట్టిపెట్టుకొనును. ఎరుపు తగ్గవలసినంత తగ్గదు. ఫ్లోరైడు తక్కువయని పరికరము చెప్పును. లీటరుకు 1 మి.గ్రా. ఫ్లోరైడున్న నీటిలో 0.1 మి.గ్రా. అల్యూమినియమున్నను సమాధానము 0.1 మి.గ్రా. తగ్గిపోవును. త్రాగునీటిలో వేరు వనరు లేనపుడు 0.2 మి.గ్రా. అల్యూమినియమ్ వరకు మన ప్రమాణము అనుమతించుచున్నది. అనగా అల్యూమినియమ్ విషయమున నిబంధనకు లోబడిన నీరుగూడ ఫ్లోరైడు పరీక్షను తప్పుదారి పట్టింపగలదు.

ఎలక్ట్రోడునకు ఈ చిక్కు లేదా? ఉన్నది. అది ద్రావణములో స్వేచ్ఛగా తిరుగు ఫ్లోరైడును మాత్రమే చూడగలదు. అల్యూమినియము పట్టుకొనిన భాగము దానికిని కనుపింపదు. అయితే ఇచ్చట ఒక మంచి ఉపాయము కలదు. నీటికి సమానముగా ఒక ప్రత్యేక మిశ్రమ ద్రావణమును కలుపుదురు. అందులో ఎసిటికామ్లము, ఎసిటేటు ఉండి పి.హెచ్. విలువను 5కు, 5.5కు మధ్య నిలుపును. సోడియమ్ క్లోరైడు ఉండి అన్ని నమూనాలలోను మొత్తము అయానుల బలమును సమానము చేయును. అల్యూమినియమును ఫ్లోరైడుకంటె గట్టిగా పట్టుకొను సేంద్రియ పదార్థముండి, బంధింపబడిన ఫ్లోరైడును విడిపించును. ఈ మూడు పనులును అవసరమే. పి.హెచ్. మిక్కిలి తగ్గినచో ఫ్లోరైడు హైడ్రోజనుతో కూడి మాటుపడును. మిక్కిలి పెరిగినచో హైడ్రాక్సైడు అయానునే ఎలక్ట్రోడు ఫ్లోరైడుగా భ్రమించును. ఈ మిశ్రమము కలిపినపుడు లీటరుకు సుమారు 3 మి.గ్రా. అల్యూమినియము వరకు దాని వలన వచ్చు తప్పు 0.1 మి.గ్రా. మించదు.

కావున మన ఉదాహరణములో 1.2 అని చెప్పిన వెలుగు పరీక్షను సందేహింపవలెను. మిశ్రమము సరిగా కలిపి చేసిన ఎలక్ట్రోడు పరీక్షలోని 1.7 సత్యమునకు దగ్గర. ఈ తప్పు ఎటువైపునకు ఒరిగినదో చూడుడు. ఎక్కువ చూపు తప్పు మనకు కొంత పటిక ఖర్చు కలిగించును. తక్కువ చూపు తప్పు పిల్లల చేత హానికరమైన నీటిని త్రాగించును. వెలుగు పద్ధతినే వాడవలసివచ్చినచో ముందుగా నీటిని ఆమ్లముతో స్వేదనము చేసి, ఫ్లోరైడును అల్యూమినియమునుండి వేరుపరచి, పిదప రంగు పరీక్ష చేయవలెను. అట్లు చేసినచో రెండు సమాధానములును కలియును.

మరి ఎలక్ట్రోడే ఎల్లపుడును మేలా?

కాదు. ఎలక్ట్రోడునకు దాని కష్టములు దానికున్నవి. వేడిమి మారినచో 59 అను సంఖ్యయే మారును. 35 డిగ్రీల వద్ద అది సుమారు 61 అగును. మన వేసవిలో ఉదయము ప్రమాణ ద్రావణములను చూచి, మధ్యాహ్నము నమూనాలను కొలిచినచో లెక్క తప్పును. ఫ్లోరైడు తక్కువగా నున్న నీటిలో అంకము స్థిరపడుటకు కొన్ని నిమిషములు పట్టును. స్ఫటికము గీరుకొనిపోయినచో, నిర్దేశ ఎలక్ట్రోడులోని ద్రావణము ఎండినచో ఫలితము చెడును. స్పాడ్న్స్ రంగును ఒక కాలేజీ స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలువవచ్చును. ఆ పరికరమే ఇనుము, నైట్రేటు మొదలగు ఇతర పరీక్షలకును పనికివచ్చును. ఫ్లోరైడు ఎలక్ట్రోడు ఫ్లోరైడునకు తప్ప పనికిరాదు. పటిక వాడని, తేటయైన బోరునీళ్ళను ఒకే రోజున అనేకము చూడవలసినపుడు రంగు పద్ధతి చక్కగా సరిపోవును. వానకాలపు మురికినీటిలోనైతే ఆ మురికియే వెలుగును అడ్డగించును. ఎలక్ట్రోడునకు రంగుతోగాని మురికితోగాని పని లేదు.

పదార్థము మారినచో ఎన్నికయు మారును. నైట్రేటును తీసికొనుడు. మన ప్రమాణములో దాని హద్దు లీటరుకు 45 మి.గ్రా. నైట్రేటు ఎలక్ట్రోడునకు క్లోరైడు అడ్డు తగులును. ఉప్పునీటి బావులలో అది నమ్మదగినది కాదు. నైట్రేటు 220 నానోమీటర్ల అతినీలలోహిత కిరణమును స్వయముగా గ్రహించును గనుక ఇచ్చట వెలుగే అనుకూలము. అయితే ఆకులు కుళ్ళిన చెరువు నీటిలోని సేంద్రియ పదార్థమును ఆ కిరణమును గ్రహించును. అందుచే 275 నానోమీటర్ల వద్ద మరల చూచి సవరింపవలెను. సోడియమ్, పొటాసియములకు జ్వాలామాపకమును మించిన సులభ సాధనము లేదు. సీసము హద్దు లీటరుకు 0.01 మి.గ్రా. మాత్రమే. సాధారణ జ్వాలతో పరమాణు శోషణమును చూచు పరికరమునకు అంత తక్కువ అందదు. గ్రాఫైటు కొలిమి కావలెను. లేదా సీసమును కొన్ని నిమిషములు ఎలక్ట్రోడుపై పేర్చి, పిదప ఒక్కమారుగా కరిగించి విద్యుత్తును కొలుచు పద్ధతిని వాడవలెను. మొదటిది నమూనాలోని మొత్తము సీసమును చూపును. రెండవది నీటిలో బంధములు లేక తిరుగు సీసమునే ముఖ్యముగా చూపును. ఏది కావలెనన్నది మన ప్రశ్ననుబట్టి యుండును.

ఎన్నుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

మొదటిది: కొలువదలచిన పదార్థము తానే వెలుగును గ్రహించునా, లేక మరియొక రంగు సాయము కావలెనా? రెండవది: మొత్తము పదార్థము కావలెనా, స్వేచ్ఛగా నున్న అయాను కావలెనా? మూడవది: గాఢత ఏ మేరలో నుండవచ్చును? ఎలక్ట్రోడు తప్పు గాఢతతోబాటు నూటికి ఇన్ని వంతులని సాగును. రంగు పద్ధతి తప్పు తన మేరలో ఇంచుమించు ఒకే మొత్తముగా నుండును. పై లెక్క ప్రకారము పలుచన చేయని 0.2 మి.గ్రా. నీటిలో అదే 0.01 అంకపు తప్పు నూటికి సుమారు 17 వంతులగును. ఎలక్ట్రోడునకు ఒక మిల్లీవోల్టు తప్పు అప్పుడును 4 వంతులే. నాల్గవది: నీటిలో అడ్డుతగులు ఇతర పదార్థములేవి? ఐదవది: తప్పు జరిగినచో అది ఎవరికి, ఎటువైపు నష్టము కలిగించును?

ఈ ప్రశ్నలకు సమాధానము పరికరము చెప్పదు. నీరు తెచ్చినవాడు చెప్పవలెను. అందుచే ఉపాధ్యాయులును, విద్యార్థులును నమూనాతోబాటు ఒక చీటీ వ్రాసి పంపుట మంచి అలవాటు. బోరా, చెరువా, లోతెంత, పటికగాని, క్లోరినుగాని కలిపినారా, ఏ తేదీన, ఎన్ని నిమిషములు పంపు కొట్టిన తరువాత పట్టినారు అను వివరములు అందులో నుండవలెను. సీసా పాలిథీనుదై యుండవలెను. గాజుతో ఫ్లోరైడు కలియబడు ప్రమాదము కలదు. సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి నింపవలెను.

ఫలితపు కాగితము వచ్చినపుడు అంకెను మాత్రమే చూచి ఊరుకొనరాదు. ఏ పద్ధతిని వాడిరో చదువవలెను. ఒక చిన్న పరీక్ష అన్ని పద్ధతులకును వర్తించును: అదే నీటి మరియొక భాగములో తెలిసినంత ఫ్లోరైడును, ఉదాహరణకు లీటరుకు 1 మి.గ్రా. పెరుగునట్లు, కలిపి మరల కొలువుమని అడుగుడు. సమాధానము సరిగా 1 పెరిగినచో పద్ధతి ఆ నీటిలో సరిగా పనిచేయుచున్నదనుటకు మంచి గుర్తు. 0.6 మాత్రమే పెరిగినచో నీటిలో నేదియో అడ్డుపడుచున్నదని తెలియవలెను. రెండు కాగితములు వేరు వేరుగా చెప్పినపుడు సరాసరి కట్టుట తగదు. 1.2, 1.7ల సరాసరి 1.45, అది హద్దులోపలనే యున్నట్లు కనుపించును, కాని ఆ అంకెను ఏ పరీక్షయు చెప్పలేదు.

నేడు మిషన్ భగీరథ పథకము ద్వారా నదుల, జలాశయముల నీరు పల్లెలకు చేరుచున్నది. ఫ్లోరైడు బాధిత గ్రామములకు ఇది మేలైన మార్గము. అయినను పైపు పగిలిననాడు, ఎండ ముదిరిననాడు చేయి బోరువైపునకే పోవును. తమ ఊరి ప్రతి బోరు నీటిలో ఫ్లోరైడెంత, దానిని ఏ పద్ధతిలో, ఏ తేదీన కొలిచిరి అని ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక పట్టికగా వ్రాసి, ఏటికి రెండుసార్లు, వానలకు ముందును వెనుకను, సరిచూచుచుండిరేని, ఆ పట్టిక ఊరికంతకును ఉపయోగపడును.